ఇరుగు పొరుగుల చూపు

ఇల్లు మారుట ఒకనాటి పని. పొరుగునకు అలవాటు పడుట ఒక ఏటి పని. సామాను దించి, పొయ్యి మీద పాలు పొంగించి, దేవుని పటమును గోడకు తగిలించినంత మాత్రమున ఆ ఇల్లు మనది కాజాలదు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న అవ్వ మన పెట్టెలను, బిందెలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుచుండును. ప్రక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబోయుచున్న ఇల్లాలు చేతిపని నిలిపి, వచ్చినవారెందరు, వారిలో పెద్దలెవరు, పిల్లలెవరు అని చూచుచుండును. ఇంటి యజమాని చేయు ఉద్యోగమేదో వీధి చివరి అంగడివానికి ప్రొద్దుగూకక మునుపే తెలిసిపోవును. మరునాడు మనలను వెదకుకొనుచు చుట్టమెవరైన వచ్చినచో, మనకు పేరైనను తెలియని మనిషి ఆయనను వెంటబెట్టుకొని వచ్చి మన గుమ్మములో దిగవిడచిపోవును.

క్రొత్తగా వచ్చినవారికి ఈ చూపు ముల్లువలె గ్రుచ్చుకొనును. వీరు మనలను కనిపెట్టుచున్నారన్న ఊహ కలుగగానే వీధి తలుపు దగ్గరగా వేసికొందురు. తలుపు మూసిన ఇంటిని చూచి పొరుగువారికి అనుమానము మరికొంత పెరుగును. వీరు మూయుకొలది వారు చూతురు. వారు చూచుకొలది వీరు మూయుదురు. ఎవరి తప్పును లేకయే రెండిండ్ల నడుమ ఒక కనిపించని గోడ లేచును. ఉద్యోగరీత్యా ఊళ్లు మారెడి కుటుంబములు నేడు ఎన్నో కలవు. కావున ఈ చూపు ఎక్కడ పుట్టినది, ఎట్లు మెత్తబడును, ఎప్పుడు మెత్తబడదు అను విషయములను కర్నూలు, కడప సీమల అనుభవమును ఆధారముగా గొని కొంత విచారింతము.

ఈ సీమలో క్రొత్తవారు మొట్టమొదట వినెడి మాట, 'యాడికి పోతాండారు?' అన్నది. గడప దాటి పది అడుగులు వేయులోపల ముగ్గురు ఈ ప్రశ్న వేయుదురు. కోస్తా ప్రాంతము నుండి వచ్చినవారికిని, పెద్ద పట్టణములలో పెరిగినవారికిని ఇది అడ్డుపెట్టి అడిగినట్లు తోచును. బయలుదేరునపుడు ఎక్కడికి అని అడుగుట అపశకునమని తలచువారికి మరింత కష్టముగా నుండును. నిజమునకు ఇది ప్రశ్న కాదు, పలకరింపు. అడిగినవారికి మనము పోవుచోటుతో పని లేదు. 'ఈడికే, అంగడి దాకా' అనిన చాలును. 'ఇట్లా పోయొస్తాం' అనినను చాలును. వారు తల ఊపి తమ పనిలో తాము పడుదురు. 'బువ్వ తింటిరా?' అను మాటయు ఇట్టిదే. తినలేదని చెప్పినచో వారు కంగారుపడి మనలను లోనికి పిలుతురు. తింటిమని చెప్పినచో సంతోషించి ఊరకుందురు. జవాబు చెప్పక తల వంచుకొని పోవుట మాత్రము ఈ సీమలో పెద్ద లోపము. పలకరించిన మనిషిని లెక్క చేయలేదని దానికి అర్థము.

పలకరింపు తరువాత విచారణ మొదలగును. మీది ఏ ఊరు? మీ వారు ఎవరు? ఆ ఊరిలో ఫలానా వారు మీకు ఏమగుదురు? పిల్లలెందరు? ఈ ప్రశ్నలకు ఒక వరుస కలదు. దాని వెనుక ఒక ప్రయోజనమును కలదు. మన సమాజములో ఎదుటి మనిషిని ఊరక పేరు పెట్టి పిలుచుట అలవాటు లేదు. అన్నా అనవలెనా, మామా అనవలెనా, అక్కా అనవలెనా, వదినా అనవలెనా తేలినగాని నోరు సాగదు. ఊరును, బంధువులను, వయసును తెలిసికొనుట ఆ పిలుపును నిర్ణయించుకొనుటకే. ప్రక్కింటి ఇల్లాలు మన ఇల్లాలిని మొదటిసారి 'వదినా' అని పిలిచిన దినమున ఆ విచారణ ముగిసినదని గ్రహింపవచ్చును. అంతవరకు పరీక్షగా నున్న చూపు ఆనాటి నుండి కాపుదల యగును. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే. చూపు అదియే, చూచెడి కన్నులు అవియే. వరుస కలిసిన తరువాత దాని పని మారును.

ఇట్టి చూపు ఈ సీమలో ఇంత బలముగా నుండుటకు ఇండ్ల కట్టడి ఒక కారణము. పాతకాలపు ఊళ్లలో రాతిగోడల మీద దూలములు పరచి, పైన చౌడు మట్టి కప్పిన మిద్దెలు ఒకదానినొకటి ఆనుకొని యుండెడివి. రెండిండ్లకు నడుమ ఒకటే గోడ. ఒక మిద్దె మీది నుండి మరియొక మిద్దె మీదికి దాటుకొనుచు వీధి కొస వరకు నడచిపోవచ్చును. వెలుతురు కొరకు మిద్దెలో విడిచిన గవాచి గుండా పొగ పైకి పోవును, మాట కూడ పోవును. బేతంచెర్ల, బనగానపల్లె, కడప ప్రాంతములలో నాపబండలు విరివిగా దొరకును గనుక ప్రతి ఇంటి ముందు బండ పరచిన అరుగు ఏర్పడినది. పగలు అరుగు, వేసవి రాత్రులందు మిద్దె. ఎండలు నలుబది డిగ్రీలు దాటెడి ఈ ప్రదేశమున వైశాఖ జ్యేష్ఠములలో ఇంటిలోపల నిద్రించుట అసాధ్యము. ఊరంతయు మిద్దెల మీద ఒకే ఆకాశము క్రింద పండుకొన్నపుడు ఎవరి ఇంట పసిబిడ్డ ఏడ్చినది, ఎవరికి దగ్గు పట్టినది, ఎవరు అర్ధరాత్రి లేచి దీపము పెట్టిరి అన్న సంగతులు దాగవు. చూడవలెనని చూడకపోయినను కంటబడును. వినవలెనని వినకపోయినను చెవిని పడును.

రెండవ కారణము నీరు. కర్నూలు, కడప ప్రాంతములలో ఏటి సగటు వర్షపాతము సుమారు 670 నుండి 700 మిల్లీమీటర్లు. అదియు ఒక ఏడు వచ్చును, మరియొక ఏడు ముఖము చాటువేయును. బావి లోతు, ఊట బలము, ఎన్ని బిందెలు తోడవచ్చును అన్నది ఊరిలో అందరికిని తెలిసిన లెక్క. ఒక క్రొత్త కుటుంబము దిగినదనగా ఆ లెక్కలో మరి నాలుగు బిందెలు చేరినవని అర్థము. అందుచేత వచ్చినవారు నీటిని పొదుపుగా వాడుదురా, వంతు పాటింతురా అని కనిపెట్టి చూచుట సహజము. కుళాయిలు వచ్చిన తరువాతను రోజు విడిచి రోజు నీరు వచ్చెడి వీధులలో ఈ చూపు పోలేదు. బావి గట్టున చూచువారు కుళాయి దగ్గర చూచుచున్నారు, అంతియే భేదము.

మూడవ కారణము కరువు, దాని వెంటవచ్చు భయము. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమున కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరముగా దెబ్బతిన్నవి. తెలుగు లెక్కకు అది ధాత నామ సంవత్సరమున మొదలైనది. పల్లెలు విడిచి గుంపులు గుంపులుగా జనులు దారి పట్టిన కాలమది. ఊరి పొలిమేరలో కనబడిన క్రొత్త ముఖము ఆకలిగొన్న మనిషిది కావచ్చును, ధాన్యపు గాదెకు కన్నము వేయువానిది కావచ్చును, అంటువ్యాధి తెచ్చువానిదియు కావచ్చును. చూడక తెలియదు. ఆ చూపునకు రెండు ఫలితములు ఉండెడివి. ఒకటి తలుపు మూయుట. రెండవది అన్నము పెట్టుట. అంతకు పదేండ్ల ముందు, 1866 నాటి కరువులో కర్నూలు సీమలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొని వచ్చినవారికి ఊరు, పేరు అడుగక అన్నము పెట్టించి చిరకీర్తి గడించెను. వచ్చినవాని ముఖములో ఆకలిని చదువగలిగినదియు చూపే గదా.

ఊరిని చూచుట ఈ సీమలో ఒక ఉద్యోగముగా కూడ నుండెడిది. 1800లో నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి చూచునప్పటికి ఊళ్ల కావలి పాళెగాండ్ర చేతిలో నుండెడిది. కావలి కొరకు ఊరు కొంత ముట్టజెప్పవలెను. సొత్తు పోయినచో కావలివాడు బాధ్యత వహింపవలెను. ఇది ఆ ఏర్పాటులోని మూలసూత్రము. పాళెగాండ్ర అధికారము పోయిన తరువాతను ఊరిలో తలారి మిగిలెను. రాత్రులు గస్తీ తిరుగుట, ఊరిలోనికి వచ్చిన అపరిచితుని ఆరా తీసి రెడ్డికి తెలుపుట తలారి పనులలోనివి. 1984లో వంశపారంపర్య గ్రామాధికారములు రద్దయినవి. పదవి పోయినను పద్ధతి పోలేదు. తలారి చేయు పనిని అరుగు మీది అవ్వ జీతము లేకయే చేయుచున్నది.

ఒక వీధి సంగతి ఇట్లుండగా, ఒక పట్టణమునకు పట్టణమే క్రొత్త పొరుగును చూచిన సందర్భము మన చరిత్రలో కలదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు కర్నూలు దానికి రాజధాని యయ్యెను. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి రాష్ట్రమును ప్రారంభించెను. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి యయ్యెను. ఈ ఎన్నిక వెనుకను ఒక చూపు కలదు. 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు కూడి ఒక ఒడంబడిక చేసికొనిరి. విశ్వవిద్యాలయ కేంద్రము, నదీజలములు, శాసనసభ స్థానములు, రాజధాని, హైకోర్టు అను విషయములలో సీమకు అన్యాయము జరుగకుండ చూచుకొనుట దాని ఉద్దేశము. ఒకే భాష మాటలాడు అన్నదమ్ములైనను, ఒక చూరు క్రింద కాపురము పెట్టుటకు ముందు గోడ ఎవరిది, నీరు ఎవరిది అని తేల్చుకొనవలెనని సీమవారు తలచిరి. అది శత్రుత్వము కాదు. పొరుగువారి నడుమ ఉండదగిన జాగ్రత్త. ఆ ఒడంబడికను అనుసరించియే రాజధాని కర్నూలునకును, హైకోర్టు గుంటూరునకును పోయినవి.

తుంగభద్రా హంద్రీ నదుల నడుమనున్న చిన్న పట్టణమునకు ఒక ప్రభుత్వము ప్రభుత్వమే తరలివచ్చెను. భవనములు చాలలేదు, గుడారములు వెలసెను. కచేరీలు గుడారములలో, ఉద్యోగులు గుడారములలో. మదరాసులో సముద్రపు గాలికి అలవాటుపడిన గుమాస్తాలకు సీమ ఎండ, దుమ్ము క్రొత్త. జొన్నరొట్టె, రాగిసంగటి క్రొత్త. బొబ్బట్లను ఓళిగలనుట క్రొత్త. ఒకే వీధిలో తెలుగుతో పాటు ఉర్దూ వినబడుట కొందరికి క్రొత్త. కర్నూలు వారికి మాత్రము ఏమి పాతది? కచ్చితమైన వేళలకు పోయి వచ్చెడి మనుష్యులు, వేరు యాస, వేరు కట్టుబొట్టు, అద్దె ఇంటి కొరకు గుమ్మము గుమ్మమునకు తిరుగు అధికారులు. అద్దెలు పెరిగినవి. అద్దె వచ్చినవాడు సంతోషించెను, అద్దెకున్నవాడు నొచ్చుకొనెను. వచ్చినవారు ఎన్నాళ్లుందురో తెలియదు. ఎన్నాళ్లుందురో తెలియని పొరుగువానికి ఎంత మనసీయవలెనో తెలియక పట్టణము వారిని చూచుచుండెను.

ఆ చూపు మెత్తబడుటకు కావలసిన కాలము మూడేండ్లు మాత్రమే దొరకినది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. పెట్టెలు మరల కట్టబడెను. ఉద్యోగుల నివాసములకై ఏర్పడిన ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అను పేర్లు మాత్రము నేటికిని కర్నూలు పేటలకు నిలిచి యున్నవి. విడిదిని సూచించెడి మాట శాశ్వతమైన పేటకు పేరగుట గమనింపదగినది. విడిదికి వచ్చినవానిని చూచు చూపు వేరు. కాపురమునకు వచ్చినవానిని చూచు చూపు వేరు. కావున క్రొత్తగా దిగినవారు ఎన్నాళ్లుండునదియు ముందుగా చెప్పుట ఇరువురకును మేలు. బదిలీ ఉద్యోగమైనచో ఆ మాటయే చెప్పవలెను. రెండేండ్ల పొరుగుతో రెండేండ్లకు తగిన స్నేహము చేయుట మన ఇల్లాండ్రకు బాగుగా తెలియును.

దీనికి భిన్నమైన కష్టము శ్రీశైలము జలాశయము క్రింద ఊళ్లు కోల్పోయినవారిది. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట వెనుక కృష్ణ నీరు నిలిచినపుడు కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరు గ్రామముల వరకు మునిగిపోయినవి. 1981లో ఊళ్లను బలవంతముగా ఖాళీ చేయించిరి. వారు క్రొత్త పొరుగునకు పోవుట ఒక ఎత్తు, పాత పొరుగును పోగొట్టుకొనుట మరియొక ఎత్తు. తాతల నాటి నుండి ఎవరి అరుగు ప్రక్క ఎవరి అరుగో నిర్ణయమై యున్న జనము చెల్లాచెదరై తలకొక చోట దిగవలసి వచ్చెను. పాత ఊరిలో పేరు చెప్పిన చాలును. క్రొత్త ఊరిలో తాత పేరు చెప్పినను ఎవరును ఎరుగరు. వరుస లేని చోట మనిషి ఒంటరి. ఊళ్లతోపాటు గుళ్లు సైతము తరలినవి. నీట మునుగు ప్రాంతములోని రూపాల సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద తిరిగి నిలిపిరి. సప్తనదీ సంగమమందలి సంగమేశ్వరాలయము మాత్రము ఉన్నచోటనే యున్నది. ఏటిలో చాల నెలలు నీటి అడుగున నుండి వేసవిలో బయటపడును. నీరు తగ్గినపుడు జనులు పోయి సేవించి వత్తురు. పాత ఊరి చూపు కొరకు మనిషి పడు తపన ఎంతటిదో ఊళ్లు మునిగినవారిని అడిగిన తెలియును. ఎవరును చూడని వీధిలో ఉండుట స్వేచ్ఛ యని తలచువారు వారి మాట ఒకమారు వినవలెను.

వరుస కలిపి చూపును మెత్తపరచుకొను నేర్పు ఈ సీమకు క్రొత్త కాదు. కడప పట్టణపు అంచుననున్న దేవుని కడపలో శ్రీవేంకటేశ్వరుని ఆలయము కలదు. ఉగాదినాడు అక్కడికి ముస్లిము కుటుంబములు సంప్రదాయముగా వచ్చి స్వామిని దర్శింతురు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు గనుక స్వామి తమకు అల్లుడని వారి నమ్మకము. పండుగనాడు అల్లుని పలకరింపక ఎట్లుందురు? అట్లే కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసునకు హిందువులు పోవుదురు. పల్లెలలో పీర్ల పండుగ ఊరందరి పండుగ. వేరు మతము, వేరు భాష కలవారు ప్రక్కప్రక్కల శతాబ్దముల తరబడి కాపురముండవలసి వచ్చినపుడు, ఎవరు ఎవరికి ఏమగుదురను ప్రశ్నకు జనులే ఒక అందమైన జవాబు కనిపెట్టిరి. చట్టము చెప్పలేని జవాబు అది.

అయితే చూపు ఎల్లప్పుడును మెత్తబడునని చెప్పుట సత్యము కాదు. పొరుగు కన్నుకు మనవారు భయపడిన సంగతి దిష్టి తీయు మాటలలోనే యున్నది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని మొట్టమొదట ప్రక్కింటివారినే తలతురు గాని దూరదేశపు వారిని తలపరు. గుమ్మమునకు కట్టిన బూడిదగుమ్మడికాయ ఎదురింటివారు చూచుటకే. ఇది కొంత నవ్వులాటగా తీసికొనదగినది. నవ్వరాని సంగతులును కలవు. ముఠాకక్షలు రేగిన పల్లెలలో క్రొత్తగా వచ్చినవాడు ఎవరి అరుగు మీద కూర్చుండెను, ఎవరి ఇంట మంచినీళ్లు త్రాగెను అన్నది చూతురు. అక్కడ చూపు వరుస కొరకు కాదు, పక్షము కొరకు. బడిపంతులైనను, డాక్టరైనను అట్టి చోట అందరితోను సమానముగా మెలగి, ఏ ఒక్క గుమ్మమునకును అంటుకొనక యుండుట నేర్చుకొనవలసి వచ్చెడిది.

మీది ఏ ఊరు, మీ వారెవరు అను ప్రశ్నల అడుగున కొన్నిచోట్ల కులమేమి అను ప్రశ్న దాగియుండును. ఆ జవాబు వినిన తరువాత అద్దెకున్న ఇల్లు హఠాత్తుగా ఖాళీ లేకుండ పోవును. అద్దె ఇచ్చుకొనగలిగిన ఉద్యోగి, శుభ్రముగా బ్రతుకు సంసారి, ఊరి నాలుగు మూలలు తిరిగి అలసిపోవును. ఒంటరిగా ఉద్యోగము చేయు స్త్రీ ఇంటికి వచ్చు వేళను లెక్కించువారు, ఆమె సోదరుడు వచ్చినను గుసగుసలాడువారు ఉందురు. వీరి విషయమున చూపు కాపుదలగా మారక పరీక్షగానే నిలిచిపోవును.

ప్రభుత్వమే అట్టి చూపును శాసనముగా చేసిన కాలమును కలదు. 1871లో పుట్టి, 1911లో మదరాసు రాజధానికి వచ్చిన నేరస్థ జాతుల చట్టము ఎరుకలవారు మొదలైన కొన్ని కులములను పుట్టుకతోనే అనుమానింపదగినవారినిగా నమోదు చేసెను. వారు ఉన్నచోటు విడిచి పోవలెనన్నచో అనుమతి కావలెను. రాత్రులు హాజరు చెప్పుకొనవలెను. దేశమంతటను ఆ చట్టము 1952లో రద్దయినది. కాగితము మీద రద్దయిన చూపు కంటిలో రద్దగుటకు తరములు పట్టును. ఎరుకల కుటుంబము వీధిలో దిగినపుడు బిందె లోపలికి తీసి పెట్టుకొనెడి ఇల్లు నేడెక్కడనైన నున్నచో, ఆ ఇల్లు తనకు తెలియకయే పాత పోలీసు చట్టమును అమలు జరుపుచున్నదని చెప్పవలెను.

ఇన్ని దోషములు కలిగిన ఈ చూపు అసలే లేకున్న మేలు కాదా? 2009 అక్టోబరు 2వ తేదీని తలచుకొనిన దీనికి జవాబు దొరకును. ఆనాడు తుంగభద్ర, హంద్రి ఒక్కుమ్మడిగా పొంగి కర్నూలు నగరమును ముంచివేసెను. పాతబస్తీ నీట మునిగెను. పైన మంత్రాలయమును మునిగెను. శ్రీశైలము జలాశయమునకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిపడినది. వేలకొలది జనులు మిద్దెల మీద నిలిచి ఆ గండము గడపిరి. అట్టి సమయమున రక్షించువానికి మొట్టమొదట కావలసినది పడవ కాదు, లెక్క. ఏ ఇంట నడువలేని ముసలివారున్నారు? ఏ ఇంట బాలింత యున్నది? ఎవరు ఊరికి పోయిరి, ఎవరు లోపల చిక్కుకొనిరి? కచేరీ దస్త్రములలో ఈ సంగతులు దొరకవు. ఎదురింటి అవ్వకు తెలియును. నిన్న సాయంకాలము ఎవరెవరు ఇంటికి చేరిరో చూచినది ఆమెయే. ఎవరికిని పేరు తెలియని కుటుంబము వరదలోను ఎవరి లెక్కలోను ఉండదు. పొరుగు కన్ను నుండి పూర్తిగా తప్పించుకొనుటకు చెల్లించెడి మూల్యము ఇది.

నేడు కర్నూలు, కడప పట్టణములలో అంతస్తుల భవనములు లేచినవి. వాకిళ్లలో సీసీ కెమెరాలు అమరినవి. అరుగులు తగ్గినవి. దొంగ ముఖమును చూపుటకు కెమెరా ఉపయోగపడును. పైయింటి తాతగారు రెండు దినములుగా పాలపొట్లము తీసికొనలేదని దానికి తోచదు. తోచినను వచ్చి తలుపు తట్టదు. తట్టవలసినది పొరుగువారే.

కావున క్రొత్తగా వచ్చినవారికి మా మనవి యేమనగా, వారు చూచుట మానుదురని ఎదురు చూడక, మొదటి వారములోనే మీరే ఎదురు పోవుడు. నీరు ఏ వేళకు వచ్చును, పాలవాడెవరు, మంచి డాక్టరు ఎక్కడ అని నాలుగు చిన్న సంగతులు అడుగుడు. సలహా చెప్పినవారు మనకు పెద్దలగుదురు. పెద్దలైన తరువాత అనుమానింపరు. పలకరింపునకు పలకరింపుతోనే బదులు చెప్పుడు. ఊరు, పేరు, ఉండు కాలము దాచవలదు. జీతమెంత అని అడిగినచో నవ్వి, 'నెల గడుస్తా ఉంది లే అక్కా' అనుడు. అడిగినవారికిని అంతకంటె అక్కరలేదు. వచ్చిన గిన్నెను వట్టిదానినిగా పంపవలదు. సాయంకాలము కొంతసేపు వీధి తలుపు తెరచి యుంచుడు. రేడియోను ప్రక్కింటి పిల్లల పరీక్షల వేళ తగ్గింపుడు. వార్తల వేళ ప్రక్కింటి తాతగారిని పిలువుడు.

పాతకాపులకును ఒక మనవి. చూడుడు, తప్పులేదు. చూచినదానిని వీధి వీధికి మోయవలదు. రెండు ప్రశ్నలు అడుగుడు. మూడవదానిని వారంతట వారు చెప్పువరకు ఆగుడు. ఇల్లు అద్దెకు ఇచ్చునపుడు అద్దె కట్టునా, ఇంటిని శుభ్రముగా ఉంచునా అని అడుగుడు, కులము అడుగవలదు. వచ్చినవారు ఏ ఊరి చూపును పోగొట్టుకొని మీ వీధికి చేరిరో ఒక్కసారి తలచుకొని, వయసును బట్టి అన్నా అనియో, వదినా అనియో పిలువుడు. ఆ పిలుపు ఎంత త్వరగా వచ్చిన అంత మేలు. మొదటి నెలలోనే వచ్చినచో ఏడాది పని నెలలో ముగియును.